ఒళ్ళు వదులు చేయమని ఆర్డర్

హెలికాప్టర్ మమ్మల్ని దించి నిమిషం కూడా ఆగలేదు. ఉదయం ఏడున్నర. ఎండ కాస్తోంది, కానీ నా మీసం అప్పటికే గడ్డకట్టింది. ఎత్తు పంతొమ్మిది వేల అడుగులకు కాస్త తక్కువ. వీపున సామాను, నడుముకు తాడు, పోస్టుకు నాలుగు గంటల నడక. పోస్టు అంటే మీరేదో కోట అనుకునేరు. ఫైబర్ గోడల గుడిసెలు, మంచులో తవ్విన రేడియో బంకర్ ఒకటి, కిరోసిన్ పొగ. అంతే.

మాది వర్ధన్నపేట. అప్పుడు నేను సైన్యంలో నాయక్ హోదాలో ఉన్నాను. మా సెక్షన్‌లో తెలుగు మాట్లాడేవాడు ఇంకొక్కడే, ఏటూరునాగారం నుంచి వచ్చిన రేడియో ఆపరేటర్. నాకంటే చిన్నవాడు. మా ఇద్దరి పైన ఒక సీనియర్ హవల్దార్. శిక్షణ ఇచ్చేవాణ్ణి ఫౌజులో ఉస్తాద్ అంటారు, ఆయన్ని అందరం అలాగే పిలిచేవాళ్ళం. పరేడ్ మైదానంలో ఏళ్ళ తరబడి అరిచి అరిచి ఆయన గొంతు మామూలుగా మాట్లాడటం మరిచిపోయింది.

మేం వెళ్ళిన కొద్దిరోజులకే రేడియో బంకర్ మీద మంచు కూలింది. ఆపరేటర్ లోపలే ఉన్నాడు. తవ్వి తీశాం, దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆ తర్వాత బంకర్‌లో అడుగుపెడితే చాలు, అతనికి ఊపిరి అందేది కాదు. పెదవులు నీలమయ్యేవి. రెండో ఆపరేటర్ చలికి వేళ్ళు చెడి అప్పటికే కిందికి పోయాడు. మంచు కింద నలిగిన ఆ రేడియో సెట్టును పలికించడం ఇతనికొక్కడికే తెలుసు. ఇతను పని చేయకపోతే, గస్తీకి వెళ్ళినవాళ్ళకు బయట ఏమైనా అయితే దేవుడే దిక్కు.

కింద బేస్ క్యాంపు నుంచి ఆర్డర్ వచ్చింది: రోజూ పొద్దున ఇరవై నిమిషాలు మానసిక విశ్రాంతి శిక్షణ. శ్వాస మీద ధ్యాస పెట్టడం, కండరాలను ఒక్కొక్కటే బిగించి వదలడం, భయాన్ని గుర్తుపట్టి అదుపులో పెట్టుకోవడం. మంచి ఆర్డరే. అది ఉస్తాద్ చేతిలో పడింది, మా ఖర్మ.

ఆయనకు తెలిసిన శిక్షణ ఒక్కటే. మమ్మల్ని వరసగా పడుకోబెట్టి, పరేడ్ గొంతుతో, "శరీర్ ఢీలా... కర్!" ఒళ్ళు వదులు చేయమని. ఆ కేకకు వదులుగా ఉన్న కండరం కూడా బిగుసుకునేది. తర్వాత తనిఖీ. ఒక్కొక్కడి చెయ్యి పైకెత్తి వదిలేవాడు. దబ్బున పడితే పాస్. గాలిలో ఆగితే ఇంకా బిగుసుకుని ఉన్నట్టు, శిక్షగా గుడిసె చుట్టూ రౌండ్లు. గాలి అందని ఆ ఎత్తులో, ప్రశాంతంగా లేనందుకు! మీకు నవ్వొస్తుందేమో, మాకు ఏడుపొచ్చేది. వారం తిరిగేసరికి అందరం చెయ్యి దబ్బున పడెయ్యడం నేర్చుకున్నాం. లోపల ఎవడి గుండె ఎలా కొట్టుకుంటోందో అడిగిన నాథుడు లేడు. ఆపరేటర్‌కు ఆ నటన కూడా చేతకాలేదు. రోజూ రౌండ్లే.

"అన్నా, ఉస్తాద్ ఒర్రుతాంటే ఉన్న ఊపిరి సుత పోతాంది," అన్నాడొకసారి, బూట్ల మంచు దులుపుకుంటూ.

"మరి ఆయనకు చెప్పరాదు?"

"ఏమని చెప్పాలె? పనికిరానోడని కిందికి తోలుతరు. మా ఊళ్ళె ఫౌజుకు వచ్చింది నేనొక్కన్నే."

నాకు తిక్కరేగింది. ఆయన మీద, ఆ ఆర్డర్ మీద, ఇతని మీద కూడా. తుపాకీ విప్పి బిగించడం మాకెలా వచ్చింది? చేసిందే చేసి, చేతికి అలవాటై వచ్చింది. భయం మీద పట్టు కూడా అలాగే రావాలి గాని కేకేస్తే వస్తుందా? రేడియో పట్టేవాడికి మొదటి రోజే ఒక అలవాటు నేర్పుతారు: హ్యాండ్‌సెట్ స్విచ్ నొక్కు, ఒక్క క్షణం ఆగు, అప్పుడు మాట్లాడు. ఆగకపోతే మొదటి మాట అవతలికి చేరదు. ఆ క్షణంలో చాలామంది ఊపిరి బిగబడతారు.

"ఆ ఆగే కాడ ఊపిరి ఇడువు తమ్మీ," అన్నాను. "పొడుగ్గ ఇడువు. పీల్చుడు అదే అయితది, దాని ఫికర్ నీకెందుకు."

"గంతేనా?"

"గంతే. చాయ్ తాగేటప్పుడు సుత నొక్కుకుంట చెయ్యి. బుర్రకు చెప్పకు, బొటనవేలుకు నేర్పు."

చెడిపోయిన హ్యాండ్‌సెట్ ఒకటి ఇచ్చాను. తింటూ, నడుస్తూ నొక్కేవాడు. ఉస్తాద్ చూసి, బొమ్మలతో ఆడుకుంటున్నాడని ఇంకో రౌండు వేయించాడు. ఏం చెప్పాలి చెప్పండి!

ఆ నెలాఖరున ఉస్తాదే మరో ముగ్గురితో గస్తీకి వెళ్ళాడు. పదకొండున్నరకు గాలి తిరిగింది. పావుగంటలో నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. ఆ దారిలో మంచు కింద లోతైన పగుళ్ళుంటాయి. కనబడకుండా నడిస్తే నేరుగా అందులోకే. బంకర్‌లోని రేడియోలో ఉస్తాద్ గొంతు కీచుగా బయటికి వినిపించింది.

"దారి పోయింది. నడుస్తూనే ఉన్నాం. దిక్కు చెప్పండి. ఓవర్."

నేను బంకర్‌లోకి దూరాను. ఆపరేటర్ మోకాళ్ళ మీద కూలబడి, గాలి కోసం నోరు తెరుస్తున్నాడు.

"నాతోని కాదన్నా."

"కాదంటే ఎట్లరా? స్విచ్ నొక్కు. మాట్లాడకు. ఉత్తగ నొక్కు."

నొక్కాడు. దాంతోపాటు ఊపిరి బయటికి పోయింది, సన్నగా, పొడుగ్గా. అతను వదలాలనుకుని వదల్లేదు, వేలు కదిలితే అదే వెళ్ళింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. అప్పుడు మాట వచ్చింది, హిందీలో, మెల్లగా.

"ఉస్తాద్, నడవకండి. ఉన్నచోటే కూర్చోండి. ఒకరి వీపుకు ఒకరు ఆనుకోండి. ఊపిరి పొడుగ్గా వదలండి. నేను వింటున్నాను. ఓవర్."

అవతలి నుంచి తిట్లు. నాకు చెప్పేంతవాడివయ్యావా అని. ఆపరేటర్ వాదించలేదు. స్విచ్ నొక్కి, ఊపిరి వదిలి, అదే మాట అదే గొంతుతో మళ్ళీ చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. చివరికి అవతల గాలి హోరు, ఎవరిదో పెద్ద నిట్టూర్పు.

"కూర్చున్నాం. ఓవర్."

గంటకు పైగా పట్టింది. నిద్రలోకి జారకుండా నలుగురినీ వంతులవారీగా పిలిచి మాట్లాడిస్తూనే ఉన్నాడు. తెలుపు పలచబడగానే మేం బయట ఎర్ర పొగ వదిలాం. దాన్ని చూసి నడవమన్నాడు. నలుగురూ వచ్చారు. తాము కూర్చున్న చోటికి నాలుగడుగుల ముందే పగులు ఉందని వచ్చాక చెప్పారు.

వాతావరణం కుదుటపడ్డాక వచ్చిన మొదటి హెలికాప్టర్‌లో కొత్త ఆపరేటర్ దిగాడు, అందులోనే మావాణ్ణి కిందికి పంపేశారు. ఊపిరి ఇబ్బంది ఉంది, ఈ ఎత్తుకు పనికిరాడు. నలుగురిని బతికించినవాడు పనికిరాడట! రూల్ అదేనని నాకూ తెలుసు. తెలిసినా ఒళ్ళు మండిపోయింది.

నా వంతు ముగిసి కాజీపేటలో రైలు దిగాను. కొన్నేళ్ళకు రిటైరై హన్మకొండలో స్థిరపడ్డాను. మొన్న హసన్‌పర్తి వైపు ఒక కాలేజీవాళ్ళు పరీక్షల ఒత్తిడి గురించి పిల్లలకు చెప్పమని పిలిచారు.

"సార్, పది నిమిషాలల్ల అందరు రిలాక్స్ కావాలె. తర్వాత సన్మానం ఉన్నది," అన్నాడు మైకు ఇచ్చినాయన.

పది నిమిషాల్లో! నాకు చేతనైనంత చెప్పి వచ్చాను. సన్మానానికి ఆగలేదు.

కళ్ళు మూసుకుంటే నాకు మాత్రం ఆ బంకరే కనబడుతుంది. ఆ రోజు గస్తీ నుంచి పోస్టు చేరగానే ఉస్తాద్ చాయ్ కూడా తాగకుండా లోపలికి వంగి వచ్చాడు. ఆపరేటర్ ఇంకా సెట్టు ముందే ఉన్నాడు. బొటనవేలు స్విచ్ మీద కొయ్యబారిపోయింది, తీద్దామన్నా రావడం లేదు. ఏమంటాడోనని నేను అడ్డం నిలబడ్డాను. ఆయన నన్ను పక్కకు జరిపి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన గ్లవ్స్ పళ్ళతో లాగేసి, ఆపరేటర్ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, నోటితో వెచ్చగా ఊదడం మొదలుపెట్టాడు. ఆయన గడ్డం మీది మంచు కరిగి ఇద్దరి వేళ్ళ మీద పడుతోంది. వేలు లేచేదాకా ఊదుతూనే ఉన్నాడు.