మూడు వందల పద్దెనిమిదో బిళ్ళ

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి చాయ్‌కి వెళ్లిపోయే రకం నేను. చిన్నప్పటి నుంచీ అంతే. సుల్తానాబాద్‌లో మా ఇంటి వెనక చింతచెట్ల కిందికి చీకటి పడ్డాక పోవద్దని అవ్వ చెప్పేది. నేను పనిగట్టుకుని పోయి, అక్కడే నిలబడి పాట పాడి వచ్చేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా ఇంట్లో ఏదో తిరుగుతోందంటే ముందు ఎలుకల బోను పెట్టి చూడమంటాను. కాబట్టి ఇది చదివి నన్ను తాయెత్తుల వాళ్లలో కలపకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

తొంభైలలో సంగతి ఇది. హైదరాబాద్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి, యూనిక్స్ సర్వర్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో చేరాను. వాళ్లు నన్ను మందమర్రి వైపు ఒక బొగ్గు గనికి పంపారు. గని పేరు చెప్పను. అక్కడి ఆఫీసులో మా కంపెనీ పెట్టిన సర్వర్ ఒకటి ఉండేది. దాన్నుంచి తీగలు లాగి పది పన్నెండు చోట్ల టెర్మినళ్లు పెట్టాం. టెర్మినల్ అంటే ఉత్త తెర, కీబోర్డు. బుర్రంతా సర్వర్‌లోనే. హాజరు, స్టోరు సామాను, సెలవులు అన్నీ దాని మీదే నడిచేవి. అది ఆగకుండా చూసుకోవడం నా పని.

గనిలో దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దిగేటప్పుడు దాన్ని కిటికీ దగ్గర ఇస్తాడు, అక్కడి బోర్డు మీద తగిలిస్తారు. పైకి వచ్చాక తీసుకుంటాడు. ఇచ్చినప్పుడూ, తీసుకున్నప్పుడూ కిటికీలో కూర్చున్న గుమాస్తా ఆ నంబరు టెర్మినల్ మీద కొడతాడు. దాంతో లోపల ఎంతమంది ఉన్నారో ఏ నిమిషంలోనైనా తెలుస్తుంది. సున్నా అంటే గని ఖాళీ.

ఆ గుమాస్తా పేరు రాజమల్లు. యాభై దాటిన మనిషి. చాలా ఏళ్లు లోపల పనిచేసి, చెయ్యి దెబ్బతిని కిటికీకి వచ్చాడు. కంప్యూటర్ అంటే మొదట్లో బెదిరినా, తర్వాత రెండు వేళ్లతోనే టకటకా కొట్టేవాడు. నంబర్ల జాబితా మేమిద్దరం కలిసే ఎక్కించాం. మధ్యలో చాలా నంబర్లు వదిలేశాం. పోయిన బిళ్ళలు, రిటైరైన వాళ్లవి, ఇంకా ఏవేవో. రాజమల్లు చెప్పినవి మాత్రమే రాసుకున్నాను. జాబితాలో లేని నంబరు కొడితే ప్రోగ్రామ్ ఒప్పుకోదు.

మా సీనియర్ నాకు నేర్పిన పద్ధతులు నాలుగు. సర్వర్ మీద ఏం చెయ్యబోయినా ముందు రిజిస్టర్‌లో టైము వేసి రాయి. రూట్ పేరుతో, అంటే అన్ని అధికారాలూ ఉన్న పేరుతో, అవసరమైతే తప్ప కూర్చోకు. టేపు మీద నకలు తీసి ఊరుకోకు, తిరిగి ఎక్కించి చూసుకో. లెక్కల ఫైలును చేత్తో దిద్దకు. మొదటి మూడూ గట్టిగానే పాటించేవాణ్ణి. నాలుగోది మామూలు వాళ్ల కోసం, నా అంత పని తెలిసినవాడికి కాదు అనుకునేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు.

ఆ ఎండాకాలం సర్వర్‌లో ఒక డిస్కు గరగరమనడం మొదలుపెట్టింది. అది పూర్తిగా పోకముందే మార్చాలి. ఆదివారం బొగ్గు తియ్యరు, నీళ్లు తోడే పంపుల వాళ్లు మాత్రం దిగుతారు. అందుకని ఆదివారం పగటిపూట పెట్టుకున్నాను.

పొద్దున ఏడింటికి ఐదుగురు దిగారు. పదకొండింటికి నేను చూసేసరికి లెక్క సున్నా. సర్వర్ గదిలో నేనొక్కణ్ణే. రూట్‌గా కూర్చుని చేయాల్సిన పనులు రిజిస్టర్‌లో వరసగా రాసుకున్నాను. టేపు పెట్టబోతూ, పదకొండు నలభైకి, అలవాటుగా ఇంకోసారి లెక్క చూశాను.

ఒకటి అని చూపించింది. నంబరు 318.

కిటికీకి ఫోన్ చేశాను.

"రాజమల్లన్నా, లోపల ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు సారూ. ఐదుగురు దిగిండ్రు, ఐదుగురి బిళ్ళలు వాపస్ పోయినయ్. బోర్డు ఖాళీగుంది."

సరే అని పెట్టేశాను. నంబరు చెప్పలేదు. చెప్పాలనే తోచలేదు. పాడైపోతున్న డిస్కు ఇలాంటి చెత్త పుట్టిస్తుందని పుస్తకాల్లో చదివి ఉన్నాను. ఫైలు తెరిచి ఆ వరుస చెరిపేశాను. చెరిపానని రిజిస్టర్‌లో టైముతో సహా రాశాను. లెక్క సున్నా అయింది. టేపు తిప్పడం మొదలుపెట్టి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాను.

టేపు అయ్యేసరికి పన్నెండున్నర దగ్గర పడింది. చూస్తే మళ్లీ 318.

ఈసారి చిరాకేసింది. డిస్కును నాలుగు తిట్లు తిట్టి, మళ్లీ చెరిపేశాను. ఇక సర్వర్ మీద ఎవరూ ఉండకూడదని అన్ని తెరల మీదికీ సందేశం పంపాను. ఆదివారం కాబట్టి ఉన్నది రాజమల్లు ఒక్కడే. అతను ప్రోగ్రామ్‌లోంచి బయటికి వచ్చేశాక సర్వర్‌ను ఒంటరి స్థితికి తెచ్చాను. ఆ స్థితిలో ఏ టెర్మినలూ పనిచెయ్యదు. కాన్సోల్, అంటే సర్వర్ పక్కనే నా ముందున్న ఒక్క తెర, ఒక్క కీబోర్డు మాత్రమే బతికి ఉంటాయి. బిళ్ళల ప్రోగ్రామ్ కూడా ఆగిపోతుంది. ఆ ఫైలులో ఎవరైనా ఒక్క అక్షరం రాయాలంటే నా కుర్చీలో కూర్చుని రాయాల్సిందే.

ఒంటిగంట దాటాక, డిస్కు విప్పేముందు, ఫైలు చూశాను. 318 ఉంది.

భయం అంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. గదిలో నేను కాక ఎవరూ లేరని తెలిసి కూడా తలుపు వైపు చూశాను. బయట తెల్లటి ఎండ కాస్తోంది. పట్టపగలు భయపడుతున్నందుకు సిగ్గేసింది, సిగ్గుతోనే మూడోసారి చెరిపేశాను. రిజిస్టర్‌లో ఆ వరుస ఇప్పుడు చూసినా నా చేతిరాతలా ఉండదు.

తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఒక కీ నొక్కి ఫైలు చూశాను. లేదు. మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. మళ్లీ చూశాను. లేదు. నవ్వు కూడా వచ్చింది. మూడోసారి చూశాను.

ఉంది.

నాలుగోసారి చెరిపే ఆజ్ఞ కొట్టేశాను. ఎంటర్ నొక్కడమే తరువాయి. నొక్కేవాణ్ణే. అప్పుడే ఫోన్ మోగి ఎగిరిపడ్డాను.

"ఇంకెంతసేపు సారూ? తెర నల్లగైంది. మాపటి షిఫ్టోళ్లు వస్తరు మల్ల" అన్నాడు రాజమల్లు.

"ఒక నంబరు పోతలేదన్నా. పరేషాన్ చేస్తుంది. మూడు వందల పద్దెనిమిది."

అటు రిసీవర్ దేనికో తగిలిన చప్పుడైంది. ఫోన్ పెట్టేసిన చప్పుడు మాత్రం రాలేదు. నేను హలో హలో అని అరుస్తూనే ఉన్నాను. ఐదు నిమిషాల్లో అతను తలుపు తోసుకుని వచ్చాడు. కిటికీ నుంచి మా ఆఫీసు దాకా ఆ ఎండలో పరుగెత్తుకుని వచ్చాడు. తెర మీద ఆ వరుస చూసి గోడకు ఆనుకున్నాడు.

"నువ్వు ఏమన్న కొట్టినవా సారూ?"

"లేదన్నా. అదే వస్తుంది. నేను తీసేస్తున్న."

"తీసినవా?"

"మూడుసార్లు."

నా వైపు అతను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. కోపం కాదది.

"అది మొగిలన్న బిళ్ళ. పాత పంపు మీద ఉండెటోడు. గాడనే పైకప్పు కూలి సచ్చిపోయిండు. గా బిళ్ళ నేనే గోడ దిక్కు తిప్పి వేరే మేకుకు పెట్టిన. ఇయ్యాల్టి దాంక ఎవ్వరికి ఇయ్యలే. నీతోని గూడ రాయియ్యలే" అన్నాడు.

అంటూ అంటూనే ఆగిపోయాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పాత పంపు, పాత పంపు అని తనలో తను అనుకుంటున్నాడు.

"సారూ, పాత పంపుకు ఇయ్యాల ఓదెలు పోయిండు. వాని బిళ్ళ వాని చేతికి ఇయ్యలే నేను."

అప్పుడు చెప్పాడు. ఓదెలుతో పాటు దిగినవాడు ముందుగా పైకి వచ్చి, ఓదెలు వెనకాలే వస్తుండు, వాని బిళ్ళ కూడా ఇయ్యమని రెండూ పట్టుకుపోయాడు. గనిలో అది రోజూ జరిగేదే. వెనక వచ్చేవాడికి మళ్లీ కిటికీ దగ్గర నిలబడే పని తప్పుతుందని చేసే సాయం. రాజమల్లు ఓదెలు పైకొచ్చినట్టు నంబరు కొట్టేశాడు. లెక్క సున్నా అయింది.

రాజమల్లు అప్పటికే పరుగు తీశాడు. ఓదెలు ఇల్లు దగ్గర్లోనే, కార్మికుల కాలనీలో. మనిషిని పంపితే, ఇంకా రాలేదని భార్య చెప్పింది. తోటివాడేమో కాసేపు చూసి, ఓదెలు గనికున్న రెండో దారి నుంచి వెళ్లిపోయాడనుకున్నాడట. ఓదెలు బిళ్ళ ఆ తోటివాడి జేబులోనే ఉంది. సైరన్ వేశారు. ఉన్నవాళ్లు ఉన్నట్టు దిగారు. నేను సర్వర్ గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, గని నోటి దగ్గర నిలబడ్డాను.

నాలుగింటికి ఓదెలును పైకి తెచ్చారు. బతికే ఉన్నాడు. పంపు దగ్గర ఒక ఇనుప గొట్టం జారి కాలి మీద పడి ఇరుక్కుపోయాడు. పంపు ఆగిపోయింది. ఊట నీళ్లు మెల్లగా పెరుగుతూ వచ్చాయి. వీళ్లు చేరేసరికి గడ్డం దాకా ఉన్నాయి, తల పైకెత్తి ఊపిరి తీసుకుంటున్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది, మాట రాలేదు.

ఆ సాయంత్రం గది తాళం నేనే తీశాను. సర్వర్ నేను వదిలిన ఒంటరి స్థితిలోనే ఉంది. ఎంటర్ నొక్కని ఆజ్ఞ తెర మీద అలాగే ఉంది. దాన్ని రద్దు చేసి, ఫైలు చూశాను. 318 వరుస ఉంది. దాని పక్కన పైకి వచ్చినట్టు టైము పడి ఉంది. నాలుగు దాటి రెండు నిమిషాలు.

ఆ ఫైలులో ప్రతి వరుసకూ ఎవరి పేరుతో, ఏ తెర నుంచి రాశారో కూడా పడుతుంది. నేను చెరపని ఈ వరుసకు ఎదురుగా ఉన్నవి రూట్, కాన్సోల్. టేపును ఇంకో డిస్కు మీదికి తిరిగి ఎక్కించి చూశాను. రెండోసారి వచ్చిన వరుస అందులో పదిలంగా ఉంది. దానికీ అవే. రూట్ అంటే నేను. కాన్సోల్ అంటే నా ముందున్న కీబోర్డు. ఆ రెండు టైముల్లోనూ ఆ కుర్చీలో కూర్చున్నది నేనే. అప్పటి నుంచి కొన్నాళ్లు నా చేతులంటేనే నాకు భయంగా ఉండేది. నిద్రపోయే ముందు వాటిని దుప్పటి కింద పెట్టుకునేవాణ్ణి.

హైదరాబాద్ నుంచి మా సీనియర్లు వచ్చి చూశారు. డిస్కు చెడిపోయి పాత సమాచారం పైకి తేలిందన్నారు. కానీ ఆ నంబరు ఏ డిస్కులోనూ ఎన్నడూ లేదు. తెలియకుండా నువ్వే కొట్టి ఉంటావన్నారు. నేను పుట్టి బుద్ధెరిగాక వినని నంబరును ఎలా కొడతాను? కొట్టినా, తాళం వేసిన గదిలో పైకొచ్చిన టైము ఎవరు వేశారు? వాళ్లు తలకాయలు గోక్కుని, కొత్త డిస్కు పెట్టి వెళ్లిపోయారు.

పది రోజుల తర్వాత ఓదెలు భార్య పోశవ్వ ఆఫీసుకు వచ్చింది. ఓదెలు కాలు విరిగింది కానీ పోలేదు, ఆస్పత్రిలో ఉన్నాడు. ఆమె స్టీలు టిఫినులో సర్వపిండి చేసి తెచ్చింది.

"మీ మిషిన్ల ఎక్కంగనే మీరు ఎంటనే చెప్పిండ్రట గద సారూ. రాజమల్లన్న అన్నడు. జర ఆలస్యమైతే మా పిలగాండ్లకు బాపు లేకుండ పోతుండె" అంటూ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

వెంటనే కాదమ్మా, అనాలనుకున్నాను. పదకొండు నలభైకే తెలిసింది అనాలనుకున్నాను. మొదటిసారి చెరిపినప్పుడు నీళ్లు మోకాళ్ల దగ్గర ఉండి ఉంటాయి, రెండోసారి నడుము దగ్గర. ఆ మధ్యలో నేను పులిహోర తింటున్నాను. రాజమల్లు నా వెనకే నిలబడి ఉన్నాడు. చేతులు వదిలించుకోవడానికి టిఫిను మూత తీసి ఒక ముక్క తిన్నాను. బాగుందన్నాను.

ఇన్నేళ్లలో బయటివాళ్లెవరికీ చెప్పలేదు ఈ సంగతి. ఆ నంబరు ఎవరు ఎక్కించారో నాకిప్పటికీ తెలియదు. మూడుసార్లు చెరిపింది మాత్రం నేనే.