మందిరంలో ఓడ దూలం

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర కళ్ళ డాక్టరుగారి ఆస్పత్రిలో నా వంతు కోసం కూర్చుని ఉంటే, ఎదురుగా గోడకున్న టీవీలో ఏదో చలిదేశపు మ్యూజియం చూపిస్తున్నారు. ఎప్పుడో మునిగిపోయిన తెరచాపల యుద్ధనౌకను బురదలోంచి పైకి తీసి, దాని నల్లటి దుంగల మీద పైపులతో నీళ్ళు చిమ్ముతూ ఏళ్ళ తరబడి కాపాడుకొచ్చారట. కంట్లో చుక్కలు వేసి ఉన్నందువల్ల బొమ్మ సరిగా ఆనలేదు గానీ, ఆ నలుపు మాత్రం ఆనింది. అంతమాత్రానికే కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. పక్కనున్న అమ్మాయి, ఏం మామ్మగారూ, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగేసరికే నేను తలెత్తి ఆస్పత్రి పైకప్పు వంక చూస్తున్నాను. ఎక్కడ కూర్చున్నా ముందు పైకప్పు చూసుకోవడం, ఉద్యోగంలో చేరిన మొదటి వేసవి నుంచీ నాకున్న అలవాటు.

చల్లపల్లి దాటి, బస్సు దిగాక కరకట్ట మీద చాలాదూరం నడిస్తే గానీ రాని సముద్రపు పక్క ఊరికి నన్ను పంతులమ్మగా వేశారు. పెళ్ళికాని పిల్లను కంకిపాడు నుంచి అంతదూరం ఎలా పంపాలని అమ్మ బెంగపడితే, ఆ ఊళ్ళోనే పాస్టరుగా ఉన్న మా పెదనాన్న, మా ఇంట్లో ఉంటుంది, నా మందిరంలోనే బడి, దిగులెందుకని ధైర్యం చెప్పారు. మన తరంవాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో బడికి వేరే కట్టడమెక్కడిది, ఆదివారం ప్రార్థన జరిగే పాకలోనే తక్కిన రోజుల్లో ఎక్కాలూ గుణింతాలూ. ఆ పాక గాలివానకు కూలిపోతే పెదనాన్న పట్టుబట్టి ఇటుక గోడలు లేపించారు, పెంకులూ తెప్పించారు. గోడ నుంచి గోడకు అందే పొడుగాటి దూలం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఆ ఏడు వరదకు ఏటిపాయ గట్టు కోసుకుపోయి, నీరు తీశాక బురదలోంచి ఓడ బయటపడింది. ఊరంతా కదిలి వెళ్ళాం. పక్కటెముకల్లా వంపు తిరిగిన దుంగలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటికి అంటుకుని మందపాటి పలకలు, ఆ పలకల్లో సమంగా ఎడమెడంగా నలుచదరపు కంతలు. ఒక కంత దగ్గర కొబ్బరికాయంత ఇనపగుండు తుప్పుపట్టి ఇరుక్కుపోయి ఉంది. అవి ఫిరంగుల మూతులు బయటికి పెట్టే కంతలనీ, ఇది తెల్లవాళ్ళ కాలపు యుద్ధనౌక అయివుంటుందనీ పెదనాన్నే చెప్పారు. నేను పుట్టు పిరికిదాన్ని. ఆ కంతల వెనక నుంచి ఎవరో మమ్మల్ని చూస్తున్నట్టనిపించి చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చెల్లెలంటే పెదనాన్నకు లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు, అప్పుడప్పుడే నా దగ్గర అక్షరాలు దిద్దుతోంది.

పెదనాన్న కళ్ళు మాత్రం అడుగున పడివున్న ఒక తిన్నటి దుంగ మీదే నిలిచిపోయాయి. చేపల వేటకు వెళ్ళే కుటుంబాల వాళ్ళకు ఆయన మనసులో మాట అర్థమైపోయింది. రోజూ చేపల గంపతో మా వాకిట్లోకి వచ్చే ఒకావిడ, కూతురు నా బళ్ళోనే చదివేది, ముందుకొచ్చి, “గంగమ్మ తీసుకున్నది గంగమ్మకే వదిలెయ్యాలండి పాస్టరుగారూ. అందులో ఎంతమంది పోయారో ఏమో. దాన్ని ఊళ్ళోకి తేవద్దండి,” అంది.

“తాటిదూలాన్ని ఒక్క వానాకాలం కాలవ బురదలో నానేస్తేనే చెద ముట్టదు గదమ్మా. ఇది మన ముత్తాతల నాటినుంచీ నానుతోంది. ఇంతకంటే గట్టిది ఎక్కడ దొరుకుతుంది?” అన్నారు పెదనాన్న.

ఆ మాటకు ఊరి పెద్దలంతా తలలూపారు. మన డెల్టాలో ఇల్లు కట్టిన ఎవరైనా అలాగే తలూపి ఉండేవారు. పదిమంది కలిసినా లేవని దాని బరువు చూసి, ఇదంతా చేవేనని మురిసిపోయారు కూడా. ఈస్టరు నాటికి మందిరం తెరవాలన్న తొందరలో, తాటిదూలాన్నయితే నీడన ఆరబెట్టేవాళ్ళు, దీన్ని ఆ తడి తడిగానే ఎక్కించేశారు.

పండగ వెళ్ళి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఒకరోజు పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తుంటే నెత్తిమీద టప్పుమంది. అందరూ ఒక్కసారి నోళ్ళు మూశారు. ఆ తరవాత ఎండ ముదిరేకొద్దీ ఒకసారి తుపాకీ పేలినట్టు, ఒకసారి జ్వరం మనిషి మూలిగినట్టు, ఆ దూలం రోజూ ఏదో ఒకటి పలికేది. పలకల మీద నల్లటి పొడి రాలితే పిల్లలు ఉఫ్ఫని ఊదుకుని మళ్ళీ రాసుకునేవాళ్ళు. ఓడతో పోయిన సిపాయిలు లోపల ఇంకా కాల్పులు జరుపుకుంటున్నారని ఊళ్ళో మాట పుట్టింది. వేటకు వెళ్ళేవాళ్ళ పిల్లలు బడి మానేశారు. చేపలావిడ మా వాకిట్లోకి వచ్చేది గానీ మందిరం గడప తొక్కేది కాదు. మా పెద్దమ్మ పట్టపగలు మందిరం ఊడవడానికి కూడా నన్ను తోడు రమ్మనేది.

నా భయం రెండు రకాలు. దయ్యాలంటే భయం, దూలం కింద కూర్చున్న పిల్లల్ని చూస్తే అంతకు మించిన భయం. చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరగాలంటే వీపు జలదరించేది. ఒకరోజు ఉండబట్టలేక పెదనాన్నతో అంటే, “చదువుకున్నదానివి, నువ్వు కూడానా అమ్మాయ్,” అని నవ్వేశారు. అది వచ్చి మీద పడితే పిల్లల గతేమిటి అన్నాను. ప్రభువు ఇంట్లో పిల్లలకు ఏమీ కాదన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మి అన్నారు, అందుకే నాకు ఇంకా భయమేసింది.

ఆ తరవాత ఒక ఎండపూట దూలం పలకడం మొదలుపెట్టి మరి ఆపలేదు. నేను పిల్లలందర్నీ బయటికి తోలి, మందిరాన్ని ఆనుకునే ఉన్న మా వాకిట్లో నిలబెట్టాను. గంప దించుకుని పెద్దమ్మతో మాట్లాడుతున్న చేపలావిడ కూడా అటే చూస్తోంది. ఇంతలో పెదనాన్న వచ్చి, పిల్లల్ని చూసి ముఖం ఎర్రగా చేసుకుని, మీ అందరి భయం ఇప్పుడే తీరుస్తానంటూ లోపలికి వెళ్ళి సరిగ్గా దూలం కింద నిలబడి కీర్తన ఎత్తుకున్నారు. నాన్న పాట విని చెల్లెలు నా చెయ్యి విదిలించుకుని లోపలికి పరుగెత్తింది. పైన గుడ్డ చింపినట్టు పొడుగాటి చప్పుడయింది. నేను అడుగు తీసేలోపే చేపలావిడ గడప దాటి, పిల్లను గుండెకు అదుముకుని బయటికి వచ్చేసింది. పెదనాన్న ఒక్కసారి పైకి చూశారు. పాట ఆగిపోయింది. ఆయన ముఖంలో అంత భయం నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు. ఆయన వాకిట్లోకి వచ్చి పడ్డాక దూలం రెండుగా విచ్చుకుని, పెంకులతో సహా బెంచీల మీదికి దిగిపోయింది.

ఆ ముక్కల్ని పొయ్యిలో పెడదామని ఎవరూ అనలేదు. మళ్ళీ ఏటిపాయకే మోసుకుపోయారు. పదిమందికి లేవని దుంగ ఇప్పుడు ముక్కకు ఇద్దరు చాలినంత తేలికైపోయింది. చేపలావిడ దానికి పసుపూ కుంకుమా పెట్టింది. పెదనాన్న కాస్త ఎడంగా నిలబడి కళ్ళు మూసుకున్నారు. ఎవరికోసం ప్రార్థించారో నేను అడగలేదు. చాలా ఏళ్ళ తరవాత, మంచం పట్టిన రోజుల్లో, ఆ దూలంలో పలికిందేమిటంటావ్ అమ్మాయ్ అని ఆయనే నన్నడిగారు. మందుకు వేళయిందని మాట మార్చాను.

మొన్న టీవీలో చెప్పారు. అంతకాలం నానిన కలపలో పస ఎప్పుడో పోతుందట, లోపల నిండిన నీరే దాన్ని నిలబెడుతుందట, ఆ నీరు ఆరిపోతే కుంచించుకుని చీలిపోతుందట. ఇంతేనా పెదనాన్నా అనిపించింది. చెబుదామంటే ఆయన లేరు, పెద్దమ్మా లేదు. ఇంటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేశాను.

“ఏ దూలం అక్కా?” అంది. మొత్తం చెప్పాను. “నాకు చేపల వాసన ఒకటే గుర్తక్కా. ఎవరో ఊపిరాడనంత గట్టిగా పట్టుకున్నారు. అది కల అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్ళూ. ఆవిడ పేరేమిటి?”

నాకు తెలియదు. అందరం ఆమెను కూతురి పేరు పెట్టి ఫలానా పిల్ల తల్లి అనే పిలిచేవాళ్ళం. ఇప్పుడు అక్కడ మందిరానికి స్లాబు వేశారు, ఏటిపాయ పక్కనంతా రొయ్యల చెరువులు తవ్వేశారు, వేటకు వెళ్ళే ఆ కుటుంబాలు ఎటు పోయాయో చెప్పేవాళ్ళు లేరు. ఊరంతా కలిసి ఒకే భయం పడ్డ రోజులవి. ఆ భయమంతా మనసులో ఉంచుకునే గడప దాటిన మనిషిని, పేరైనా అడగకుండా ఇంతకాలం బతికేశాను.