ఐదు పొరల ఫొటో

నా కంప్యూటర్‌లో ఒక ఫొటో ఉంది. చూసినవాళ్లెవరూ దాన్ని ఫొటో అనరు. మా అమ్మ అయితే, "ఏంటే ఇది, తెర పాడైందా?" అని అడిగింది. పాడవలేదు. ఎమ్మెస్సీలో అప్లైడ్ లీనియర్ ఆల్జీబ్రా చదివిన ఏడాది నుంచి నాకు మిగిలింది అదొక్కటే. మార్కుల సంగతి మీరు ఎత్తకండి, నేనూ ఎత్తను.

మాది రాంగోపాల్‌పేట్. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ మందుల దుకాణం పెట్టుకున్నారు. నాతో పాటు ఆ కోర్సులో చేరిన ఆమెది మౌలాలి. వాళ్ల నాన్నకి, ఆమె మాటల్లో అబ్బాకి, బట్టల దుకాణం, ఎక్కువగా లుంగీలు, తువ్వాళ్లు. మొదటి వారంలో ప్రొఫెసర్ ఐగెన్‌వెక్టర్ నిర్వచనం బోర్డు మీద రాసి, అర్థమైందా అని అడిగారు. అందరం బుద్ధిగా తలూపాం. నా పక్కన కూర్చున్న ఆమె మాత్రం లేచి నిలబడి, "కాలేదు సర్" అంది. ఆ మహాతల్లి పుణ్యమా అని క్లాసు ఇంకాసేపు సాగింది. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం బస్టాపులో పనిగట్టుకుని వెళ్లి, అంత అర్థం కానిది ఏముందని అడిగాను.

"నీకైందా? అయితే తెలుగుల చెప్పు," అంది.

మొదలుపెట్టి, మూడో మాటకే ఇంగ్లిష్‌లో పడ్డాను. ఇద్దరం కలిసి చదవడం అలా మొదలైంది.

ఆమెదొక నియమం ఉండేది. ఏ సూత్రాన్నైనా తెలుగులో రెండోవాళ్లకి చెప్పగలిగితేనే అది వచ్చినట్టు. ఆదివారాలు మౌలాలి గుట్ట మెట్లెక్కుతూ చెప్పుకునేవాళ్లం. చెప్పలేనివాళ్లు ఉన్న మెట్టు మీదే ఆగిపోవాలి, రెండోవాళ్లు పైకి పోవచ్చు. సగం గుట్టలో ఎండకి నిలబడి గొణుక్కున్న ఆదివారాలు నాకు చాలానే ఉన్నాయి. ఆమె పై మెట్ల మీద కూర్చుని, తాపీగా పల్లీలు తింటూ నన్ను చూసేది. ఐగెన్‌వెక్టర్‌ని కూడా చివరికి తనే తేల్చింది. అంకెల పట్టికైన మ్యాట్రిక్స్‌ని మేం మాత్రిక అనేవాళ్లం.

"మాత్రిక వెక్టర్లన్నిటిని గుంజుతది, తిప్పుతది. గని కొన్ని ఉంటయి సూడు, ఎంత గుంజినా తమ దారి ఇడ్వయి. పొడుగైతయి, పొట్టిగైతయి, గంతే. గవే."

"పరీక్షలో కూడా ఇలాగే రాస్తావా ఏంటి?"

"పరీక్షల ఇంగ్లిష్‌ల రాస్త. నాకు మాత్రం గిట్లనే యాదుంటది."

నాకూ అలాగే గుర్తుండిపోయింది. ఇప్పటికీ ఆ మాట ఆమె గొంతులోనే వినిపిస్తుంది, విన్నప్పుడల్లా పక్కకి తిరిగి చూడాలనిపిస్తుంది.

ఫొటోలంటే ఆమెకి పడదు. నా పోరు పడలేక ఒకే ఒక్కసారి గుట్ట మీద నాతో దిగింది, అదీ తన ఫోన్లోనే. ఆ వారమే ల్యాబ్‌లో ఫొటోలని కుదించే పని ఇచ్చారు. కంప్యూటర్‌కి ఫొటో అంటే సంఖ్యల మాత్రిక. దాన్ని పొరలుగా విడదీసే పద్ధతిని సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్ అంటారు. ఏ పొరని విడిగా చూసినా అడ్డం నిలువు చారలే. బొమ్మలో ముఖ్యమైనదంతా ముందు పొరల్లో ఉంటుంది, చిన్న చిన్న వివరాలు వెనక పొరల్లో ఉంటాయి. ముందువి కొన్ని ఉంచుకుని మిగతావి పారేస్తే, ఫొటో తక్కువ జాగాలో సర్దుకుంటుంది. మేము మా ఫొటోనే తీసుకున్నాం. యాభై పొరలు ఉంచితే ఇద్దరం శుభ్రంగా కనిపించాం, ఆమె ముక్కుపుడకతో సహా.

"ఇంక తగ్గియ్యి. మనల్ని మనమే గుర్తు పట్టకుండ ఎప్పుడైతమో సూద్దాం," అంది.

ఇరవైకి ముక్కుపుడక పోయింది. పదికి నవ్వులు పోయాయి. ఐదుకి వచ్చేసరికి ఉత్త గళ్లే మిగిలాయి.

"మా అబ్బా దుకాణంల లుంగీ లెక్కుంది," అని పకపకా నవ్వి, తెర మీద వేలు పెట్టింది. "గని నువ్వు కనవడ్తున్నవ్. గీ మచ్చ జెర పక్కకు వంగింది సూడు. ఫొటో అంటే సాలు, మెడ గట్లనే వంచుతవ్ నువ్వు."

నేను మెడ వంచుతానని అప్పటిదాకా నాకే తెలియదు. ఇంట్లో కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ సంబరంలో అసలు సంగతి చూసుకోలేదు. ప్రోగ్రాంలో చదివే ఫైలుకీ రాసే ఫైలుకీ ఒకటే పేరు పెట్టాం. ఐదు పొరల బొమ్మ వెళ్లి అసలు ఫొటో మీదే కూర్చుంది. ఫోన్లో జాగా లేదని అందులోది ఆమె పొద్దున్నే తుడిచేసింది. పారేసిన పొరలు తిరిగి రావని పాఠం చదువుకున్నవాళ్లమే, అయినా ఫోల్డర్లన్నీ గాలించాం.

"పరేషాన్ గాకే. వచ్చే ఐతారం మళ్ల దిగుదాం," అంది.

ఆ ఆదివారం వాన పడింది. తర్వాత పరీక్షలు వచ్చాయి. సెలవుల్లో ఆమెకి ఆదిలాబాద్ వైపు కొలువు దొరికింది. వాళ్ల దుకాణం సరిగా నడవడం లేదు, వెళ్లక తప్పలేదు. బస్సెక్కుతూ, "మిగిలిన పేపర్లు వచ్చే ఏడు వచ్చి రాస్త. నా జాగా ఎవ్వరికియ్యకు," అంది. నేను నిజంగానే ఎవరికీ ఇవ్వలేదు. ఏడాదంతా నా పక్కన బ్యాగు పెట్టుకుని కూర్చున్నాను, అడిగినవాళ్లతో గొడవ కూడా పడ్డాను. ఆమె రాలేదు. రోజూ వచ్చే మెసేజీలు పండగలకి మాత్రమే రావడం మొదలైంది, తర్వాత ఆ నంబరే పనిచేయలేదు. మౌలాలిలో ఇల్లూ ఖాళీ చేశారు. ముక్కుపుడక ఏ వైపు ఉండేదో ఈమధ్య నాకు గట్టిగా గుర్తు రావడం లేదు. దానికి నాకు ఏడుపొస్తుంది.

ఇప్పుడు సైనిక్‌పురి దగ్గర ఒక కాలేజీలో నేనూ అదే పాఠం చెబుతున్నాను. ఆ పాఠం వచ్చినప్పుడు ఆ ఫొటోనే తెర మీద వేస్తాను. మొన్న కూడా వేసి, ఏం కనిపిస్తోందని అడిగాను. ఒకరు గోడ అన్నారు, ఒకరు కిటికీ అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవరో "లుంగీ మేడమ్!" అంటే క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వబోయి, తెర వైపు తిరిగాను.

అందులో ఇద్దరు మనుషులున్నారని ఎవరూ అనలేదు. ఆమె ఉంటే ఒక్క చూపుకే నన్ను పట్టేసేది. ఐదు పొరల్లో నన్ను గుర్తుపట్టేది ఆమె ఒక్కతే, ఆమె ఎక్కడుందో నాకు తెలియదు.