నేస్‌లో బస, క్లేర్‌లో సముద్రం

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, ఫిబ్రవరి మొదటి వారంలో, విజయవాడలోని మా ట్రావెల్ కంపెనీ నన్ను ఐర్లండ్ రెక్కీకి పంపింది. అప్పటికి నా హోదా టూర్ ఆపరేషన్స్‌లో సీనియర్ మేనేజర్. రెక్కీ అంటే యాత్రికుల కంటే ముందు మనం వెళ్ళి, వాళ్ళు కూర్చోబోయే సీట్లో కూర్చుని, వాళ్ళు ఎక్కబోయే మెట్లు ఎక్కి, గడియారం చూసి అన్నీ రాసుకోవడం. ఆఫీసులో కూర్చుని మ్యాప్ మీద టూర్లు గీసేవాళ్ళు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. నేను ఆ బాపతు కాదని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

తెనాలి వైపు రిటైరైన ఉపాధ్యాయులు పదహారుమంది మే నెలలో ఇరవై నాలుగు రోజులు ఐర్లండ్‌లో ఉండాలనుకున్నారు. రోజుకో ఊళ్ళో పెట్టె సర్దే యాత్ర వద్దన్నారు. ఒకేచోట బస, పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావడం, వంట తామే చేసుకోవడం, ఇవీ షరతులు. ఇంత పట్టుదల సుభద్ర టీచరు గారి కోసమని తర్వాత తెలిసింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళకు పైగా భూగోళం పాఠం చెప్పారు. రెండేళ్ళ క్రితం కిడ్నీలు దెబ్బతిన్నాయి. పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే డయాలసిస్, మెషిన్ మీద, రోజూ రాత్రి పది గంటలపాటు చేసుకోవాలి. రాత్రి ఎనిమిదికి మెషిన్‌కు తగిలించుకోవాలంటే, తయారీకి ఒక గంట పడుతుంది కాబట్టి, ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. ఆవిడ అడిగిందల్లా ఒక్కటే, అట్లాంటిక్ సముద్రం.

మా ఎం.డి. గారు డబ్లిన్ దక్షిణాన లెపర్డ్స్‌టౌన్‌లో మాకు అలవాటైన హోటలు ఖాయం చేయమన్నారు. చుట్టూ ఆఫీసులు, పక్కనే లువాస్ ట్రాము, ఇంకేం కావాలన్నారు. నేను అక్కడి నుంచి మామూలు పనిదినాన పొద్దున ఎనిమిదింటికి బస్సులో బయల్దేరి చూశాను. నగరం చుట్టూ తిరిగే రోడ్డును దాటేసరికే గంట గడిచిపోయింది. మర్నాడు అదే వేళకు, డబ్లిన్‌కు నైరుతిలో ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నేస్ అనే ఊరి నుంచి బయల్దేరాను. నేస్‌లో కాపురముండేవాళ్ళంతా పొద్దున డబ్లిన్ వైపు పోతారు, మా బస్సు పడమటికి పోతుంది. వాళ్ళ వరుస ఎదురుగా నిలబడి ఉంటే మా దారి ఖాళీగా ఉంది. బసకు ఊరు ఎంచుకోవడంలో ఇది అసలు సూత్రం. పొద్దున జనం పోయే వైపుకు ఎదురు దిక్కులో మన దారి ఉండాలి.

నేస్‌లో కాపురముంటున్న డాక్టర్ మాధవి గుంటూరులో చదువుకుని ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తోంది. కూతురి వయసుది. సలహా అడిగితే ఇంటికి పిలిచి టీ ఇచ్చి చెప్పింది. "అంకుల్, డయాలసిస్ ఫ్లూయిడ్ బాక్సులు కంపెనీవాళ్ళు డెలివరీ ఇచ్చేది ఒక్క అడ్రస్‌కే. మూడు వారాల స్టాకంటే గది సగం నిండుద్ది. మెట్లెక్కించి మోయలేరు, కిచెన్ ప్రెస్‌లో, అదే అల్మరాలో, పట్టవు. గ్రౌండ్ ఫ్లోర్ గది చూడండి, మిగతాదంతా గ్రాండ్, ఇబ్బందేం లేదు." ఊరి చివర ఒకే ఆవరణలో ఆరు హాలిడే ఇళ్ళు దొరికాయి. ఒకదాంట్లో కింద గది విశాలంగా ఉంది. ఎం.డి. గారికి ఫోన్ చేసి, లెపర్డ్స్‌టౌన్ అయితే ఈ టూరు నా చేత కాదని చెప్పాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయనకు అలా ఎదురు చెప్పడం అదే మొదలు. నీ బాధ్యత అని ఫోన్ పెట్టేశారు.

మే నెలలో బృందంతో పాటు నేనూ వెళ్ళాను. మూడు వారాలు యాత్ర నల్లేరు మీద బండిలా సాగింది. అట్లాంటిక్ ఉన్న పడమటి తీరం ప్రయాణం మాత్రం వానల వల్ల రెండుసార్లు వాయిదా పడి చివరి శనివారానికి చేరింది. ఆదివారం డ్రైవరుకు వారపు విశ్రాంతి, సోమవారం మాకు విమానం. అంటే శనివారం పోతే పోయినట్టే.

శుక్రవారం బెల్‌ఫాస్ట్ వెళ్ళాం. ఏడింటికల్లా తిరిగి చేరడం కష్టమని సుభద్ర గారు రాలేదు. సోమవారం దేశమంతటికీ బ్యాంకు సెలవు కావడంతో తిరుగు దారిలో డబ్లిన్ డబ్లినంతా మా దారినే పడమటికి బయల్దేరింది. నేను పొద్దుటి రద్దీని పరీక్షించాను గానీ సెలవుకు ముందు శుక్రవారపు సాయంత్రాన్ని పరీక్షించలేదు. తప్పు నాదే. బస్సు నేస్‌లో ఆగేసరికి తొమ్మిదీ యాభై ఐదు. డ్రైవర్ డెక్లన్ గడియారం చూసి తల అడ్డంగా ఊపాడు. అక్కడి చట్టం ప్రకారం డ్రైవరుకు రోజూ పదకొండు గంటల విశ్రాంతి ఇవ్వాలి. దాన్ని తొమ్మిదికి తగ్గించుకునే వెసులుబాటు వారంలో మూడుసార్లే, ఆ మూడూ మేం వాడేసుకున్నాం. చక్రం తిరిగిన ప్రతి నిమిషాన్నీ టాకోగ్రాఫ్ అనే పరికరం రాసిపెడుతుంది కాబట్టి బతిమాలుకునే పని లేదు. పొద్దున ఎనిమిదీ యాభై ఐదుకు ముందు అతను బస్సు ముట్టుకోకూడదు. ముట్టుకున్నాక పావుగంట టైర్లు, బ్రేకులు, దీపాలు తనిఖీ చేయాలి. బస్సు కదిలేది తొమ్మిదీ పదికి. ఇంకో డ్రైవరు కోసం బస్సు కంపెనీని అడిగితే, సెలవు వారంలో దొరకడన్నారు.

శనివారం పొద్దున ఈ సంగతి చెప్పగానే బృందం నాయకులు వెంకటరామయ్య మాస్టారు క్యాలెండర్ విప్పారు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యారు.

"శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలమండీ మూర్తి గారూ. అంత దూరం పోయే బండి ఆ వేళప్పుడు కదిలితే నేనొప్పుకోను. పదిన్నర దాటాక పోదాం."

ఇరవై నాలుగు రోజుల పట్టికలో చట్టాలన్నీ చూసుకున్నాను, తెలుగువాణ్ణయి ఉండి రాహుకాలం చూసుకోలేదు. ఏడింటికి తిరిగి రావాలంటే సముద్రం దగ్గర మూడుంబావుకు బస్సెక్కాలి. పదిన్నరకు బయల్దేరితే అక్కడ మిగిలేది గంట. ఆ పదహారుమందికి బస్సు దిగడానికీ ఎక్కడానికీ అదే సరిపోతుంది. నేను వాదించబోయాను. మాస్టారి ముఖం ముడుచుకుంది.

అప్పుడు సుభద్ర గారు నెమ్మదిగా అన్నారు. "మాస్టారూ, ఆ క్యాలెండర్లో టైములు మనూరి పొద్దుకి గదా. రాహుకాలమంటే పగటిని ఎనిమిది భాగాలు చేస్తే వచ్చేదేగా. ఇక్కడ పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, ఎప్పుడు గుంకుతుందో చూడండి మరి."

మాస్టారు ఫోన్‌లో చూశారు. ఉదయం ఐదూ నాలుగు, రాత్రి తొమ్మిదీ నలభై నాలుగు. పగలు పదహారు గంటల నలభై నిమిషాలు, అందులో ఎనిమిదో వంతు రెండు గంటల ఐదు నిమిషాలు. శనివారానికి మూడో భాగం. కాగితం మీద ఆయనే లెక్క కట్టి, ఆయనే రెండుసార్లు సరిచూసుకున్నారు. రాహుకాలం మొదలయ్యేది తొమ్మిదీ పద్నాలుగుకు.

"అది దాటితే పదకొండుంబావు దాకా వదలదు, తెలుసుగా అమ్మా" అన్నారాయన.

"తెలుసండీ. తెలిసే చెప్పా" అన్నారావిడ.

బస్సు కదలగలిగే తొమ్మిదీ పది నుంచి లెక్కేస్తే మాకు దక్కింది నాలుగు నిమిషాలు. ఆ తర్వాత మాస్టారు చేసిన పని చూసి నేను నేర్చుకోవలసింది ఇంకా ఉందనిపించింది. పులిహోర డబ్బాలు, పెరుగన్నం క్యాన్లు, మందుల సంచులు ఎనిమిదిన్నరకే గేటు దగ్గర వరుసగా పెట్టించారు. డెక్లన్ తనిఖీ చేస్తుండగానే అందరినీ ఎక్కించి, బస్సు మెట్టు మీద నిలబడి హాజరు పిలిచారు. డెబ్బై దాటినవాళ్ళు బడిపిల్లల్లా ప్రెజెంట్ సార్ అన్నారు. తొమ్మిదీ పన్నెండుకు బస్సు గేటు దాటింది. డెక్లన్‌కు మాస్టారి లెక్క ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఇంత సమయపాలన గల బృందాన్ని చూడలేదన్నాడు.

ఎదురు లేని దారి. దారిలో డ్రైవరుకు ఇవ్వాల్సిన నలభై ఐదు నిమిషాల విరామంలోనే మావాళ్ళ భోజనాలు పెట్టించాను. ఒంటిగంట కాకముందే క్లేర్ జిల్లా తీరపు కొండచరియల మీద దిగాం. సుభద్ర గారు కంచె దాకా నడిచి వెళ్ళి రెండు గంటలపాటు అక్కడే ఉన్నారు. నేను పక్కకు వెళ్ళినప్పుడు ఒక్క మాట అన్నారు. "ఇన్నేళ్ళు బోర్డు మీద నీలం సుద్దముక్కతో రాసి చూపించా. ఇంత రొదగా ఉంటదని పిల్లలకి ఒక్కసారన్నా చెప్పలేదండీ."

ఆరూ నలభైకి నేస్ చేరాం. ఎనిమిదికి ఆవిడ మెషిన్ మీద ఉన్నారు. ఆ రోజు నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగానికి నేనే ఒక మార్కు వేసుకున్నాను, అది తక్కువేమీ కాదు.

తిరిగి వచ్చాక మా రెక్కీ ఫారం మార్పించాను. అంతకు ముందు పై వరుసలో చూడదగ్గ ప్రదేశాలు, వాటి దూరాలు ఉండేవి. వాటిని కిందికి దించి, మొదటి గడిలో ఒక ప్రశ్న పెట్టాను. అందరికంటే ముందు బసకు చేరాల్సిన మనిషెవరు, ఏ వేళకు? ఆ గడి ఖాళీగా వచ్చిన ఫారం మీద రిటైరయ్యేదాకా నేను సంతకం పెట్టలేదు.