జమ్లక్క బందెలదొడ్డి

చివ్వెంల దగ్గరి తండాలో జమ్లీని నాయకురాలు అని ఎవరూ అనలేదు. ఆ పేరు కావాలంటే ఖద్దరు చీర, మైకు ఉండాలి. జమ్లీకి ఆ రెండూ లేవు, గొంతు మాత్రం ఉంది. ఆ గొంతు ఈ ఒడ్డున లేస్తే ఆ ఒడ్డున కొంగలు లేచేవి. ఎనభైల చివర్లో, నాట్ల కాలం వచ్చిందంటే తండా ఆడవాళ్లను కూడగట్టి, కోదాడ వైపో మిర్యాలగూడ కాలువ కిందికో గుత్త పనికి తీసుకుపోయేది. అందరికీ ఆమె జమ్లక్కే. ఆమె కంటే పెద్దవాళ్లకు కూడా.

నాటేటప్పుడు ఒక్కొక్కరికి వచ్చే వరసను మునుం అంటారు. అందరూ వంగి, వెనక్కి అడుగులేస్తూ నాటుతారు. మొదటి మునుం జమ్లీది. ఆమె చేతులు ఎంత జోరుగా ఆడితే గుంపంతా అంత జోరుగా ఆడాలి. వేరే మేస్త్రీలు వెనకబడ్డవాళ్లను తిట్టేవారు. జమ్లీ తిట్టేది కాదు, తమాషా చేసేది. వెనకబడ్డ మనిషిని దాటిపోయి, ఆమె మునుం కూడా పక్కవాళ్లే నాటుకుంటూ పోవాలి. చూస్తూండగానే ఆ మనిషికి నాలుగు పక్కలా పచ్చటి నారు, కాళ్ల కింద గొంగడి పరిచినంత బురద మిగిలేవి. నారు తొక్కకుండా బయటికి రాలేదు, తొక్కితే రైతు ఊరుకోడు. మడి పూర్తయ్యాక జమ్లీ వచ్చి, చెయ్యి పట్టి బయటికి తెచ్చి, నలిగిన కుదుళ్లు తానే సరిచేసేది. పైరు మేసిన బర్రెలను కట్టేసే చోటు పేరే దానికీ పెట్టింది: బందెలదొడ్డి. అందులో పడ్డవాళ్లు సిగ్గుతో మర్నాడు గుర్రాల్లా పనిచేసేవారు. తన తెలివికి జమ్లీ తానే మురిసిపోయేది.

ఒక ఏడు కోదాడ దగ్గర ఒక రైతు పొలంలో సాలి వెనకబడింది. సన్నటి మనిషి, తండాకు కోడలుగా వచ్చి రెండేళ్లు కాలేదు.

"ఏమే సాలీ, నారు పెడుతున్నవా, ముగ్గు పెడుతున్నవా?" అంది పుష్పాబాయి. గుంపులో జమ్లీ తర్వాత నోరు ఆమెదే.

"ముగ్గే! సూడు, ఎంత సక్కగున్నదో!" అని ఇంకెవరో అందుకున్నారు.

జమ్లీ సైగ చేసింది. కాసేపట్లో సాలి దొడ్డిలో పడింది.

"జమ్లక్కా, జర బయటికి రానియ్యే."

"బర్రెకు నోరెక్కడిదే? నిలవడు!"

మడి మొత్తం నవ్వింది. ఒడ్డు మీద గొడుగు పట్టుకున్న రైతు కూడా నవ్వాడు. సాలి కూడా నవ్వింది. నవ్వుతూనే ముందుకు ఒరిగి, మొహం నీళ్లలో పెట్టి పడిపోయింది.

అప్పుడు నారు తొక్కుతున్నామని ఎవరికీ గుర్తు లేదు. ట్రాక్టరు మీద కోదాడ దవాఖానకు తీసుకుపోయారు. మూడు నాలుగు రోజులుగా జ్వరం లోపలే కాస్తోందని డాక్టరు చెప్పి, సెలైను పెట్టించాడు.

"జరమని పొద్దుగాల్నే చెప్తే నీ సొమ్మేం పోయేదే?" అంది జమ్లీ మంచం పక్కన కూచుని.

సాలి కళ్లు తెరవలేదు. "చెప్తే దొడ్డిల ఎయ్యవా అక్కా?"

జమ్లీ సాలి కాళ్లకంటిన బురద కొంగుతో తుడవసాగింది.

తర్వాతి పని మిర్యాలగూడ దగ్గర సైదయ్య పొలంలో. సాలి తండాలోనే ఉండిపోయింది. జమ్లీ వచ్చింది, కానీ వచ్చింది సగం మనిషే. ఎవరినీ ఒక్క మాట అనలేదు. సాలి మునుం కూడా తానే పట్టి రెండు వరసలు నాటింది. అన్నం మూట విప్పి, మళ్లీ కట్టేసింది. తనను తాను కొట్టుకుంటే సాలికి తగ్గుతుందన్నట్టు వంగిన నడుము ఎత్తలేదు. అడిగేవాళ్లు లేకపోయేసరికి గుంపు పండగ చేసుకుంది. ఒకరు జానకు ఒక కుదురు, ఇంకొకరు మూరకు ఒకటి.

సాయంత్రం సైదయ్య ఒడ్డు మీద నిలబడి చూశాడు. "ఏం జమ్లీ, గిది నాటా? కోళ్లు కెలికినట్టుంది గదనే! రేపు గిట్లనే ఉంటే హుజూర్‌నగర్ గుంపును పిలిపిస్త."

జమ్లీ తల వంచుకుంది. ఆమె తల వంచడం అంతకు ముందు గుంపులో ఎవరూ చూడలేదు. పుష్పాబాయి కూడా జోకు వెయ్యలేదు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు సాలి దిగింది. బుగ్గలు లోపలికి పోయాయి గాని కాళ్లు గట్టిగానే నిలబడ్డాయి. జమ్లీ ఎదురుపోయి ఆమె చేతిలో మూట లాక్కుంది.

"నువ్వు ఒడ్డు మీద కూసో. నీ మునుం నేను పడత. నా తప్పే, నన్ను తిట్టు, కొట్టు."

"నిన్ను కొడితే నాకేమొస్తదే? చేతులు నొస్తయి," అంది సాలి. "ఏడ్సుడు ఇంటికాడ పెట్టుకో. నువ్వు గిట్ల మూలుగుతుంటే గుంపు పోతది. గుంపు పోతే నేనెవల ఎంట పోవాలె?"

జమ్లీ కొంగుతో మొహం తుడుచుకుంది. మడిలోకి దిగబోతున్న అందరినీ ఆపింది. "ఎవలకన్న ఒంట్ల బాగలేదా? చెప్పున్రి."

ఎవరూ పలకలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ మౌనం తాను నాటిన పైరేనని జమ్లీకి తెలిసింది. కాలి వేళ్లతో బురద కెలుకుతూ నిలబడి, చివరికి తానే అంది:

"నాకు నడుం పోతున్నది. యాడాదాయె. మీరు నవ్వుతరని చెప్పలే."

తర్వాత వెనక నుంచి ఒక ముసలమ్మ, "నాకు మోకాలు" అంది. ఒకామె అరచేయి చూపించింది, గోరుచుట్టు. "నాకు మా ఆయన! గాయనకు మందుంటే చెప్పున్రి," అంది పుష్పాబాయి. జమ్లీ నవ్వలేదు గాని మిగతావాళ్లు కడుపు పట్టుకున్నారు.

మోకాలు ముసలమ్మను నారు కట్టలు అందియ్యడానికి పెట్టింది. గోరుచుట్టు మనిషిని చెయ్యి తడవని పనికి పంపింది. పుష్పాబాయి నాటులో తేడా వస్తే మాత్రం జమ్లీ పీకించి మళ్లీ నాటించింది, గొంతెత్తే. మొదటి మునుం సాలికి ఇచ్చింది. ఇగ గుంపంతా సాలి చేతుల జోరుకే ఆడాలి.

"మెల్లగయితది అక్కా. సైదయ్య ఒప్పుకుంటడా?"

"సైదయ్యతోని నేను మాట్లాడత. నీకెట్లున్నది, గది చెప్పు."

సాలి నారు కట్ట ముడి విప్పి, నీళ్లలో ఒకసారి జాడించింది.

"ఇప్పుడైతే మంచిగనే ఉన్న. బాగలేకుంటే చెప్త."

జమ్లీ తలూపి, పక్క మునుంలో వంగింది. నడుము కలుక్కుమంది. ఈసారి "అమ్మా" అని పైకే అంది.