సాలు పట్టి అడిగిన ప్రశ్నలు

నా ఫెలోషిప్‌ను ఇంకో ఏడాది పొడిగిస్తారా లేదా అన్నది రఘునాథపల్లి దగ్గరి ఒక ఊళ్లో ఆడవాళ్లు నాకు నిజం చెప్పడం మీద ఆధారపడి ఉండేది. పత్తి రైతుల ఇళ్లలో ఆడవాళ్ల దిగులు, నిద్రలేమి, చచ్చిపోదామనే ఆలోచన, ఇదీ నా పరిశోధన. పీహెచ్‌డీ అయిపోయి, ఉద్యోగం లేక హనుమకొండలో అద్దెగదిలో ఉంటున్న నాకు ఆ ఫెలోషిప్ తప్ప వేరే దిక్కు లేదు.

ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని అడగాలని నియమం. అలాగే అడిగాను. అత్త వాకిట్లో చెవులు రిక్కించి కూర్చుంటే ఏ కోడలు మాత్రం ఏం చెబుతుంది? అందరిదీ ఒకటే జవాబు, "మంచిగనే ఉన్న." నా కాగితాలు చూస్తే అంత సుఖమైన ఊరు భూమ్మీద ఇంకోటి లేదు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇంతలో పత్తి ఏరే రోజులొచ్చాయి. ఏ ఇంటికి వెళ్లినా తాళమే. విసుగొచ్చి నేనూ చేలోకి వెళ్లాను. ఊరికే నిలబడితే బాగుండదని పత్తి వేసుకోవడానికి ఒడి కట్టుకుని ఒక సాలు, అంటే ఒక చెట్ల వరుస, పట్టాను. పక్క సాలులో యాభై దాటిన ఒకామె ఉంది. పెద్దమ్మా అని పలకరించాను. పత్తి ఏరేటప్పుడు ఎవరి సాలు వారిది, ఎవరి చూపు వారి చెట్ల మీదే. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. సగం సాలు దాటాక నేను అడక్కుండానే ఆమె మొదలుపెట్టింది. నిద్రపట్టక ఎన్నాళ్లయిందో, రెండుసార్లు ఎందుకు చచ్చిపోదామనుకుందో చెప్పింది.

"ఇంట్ల చెప్తే నవ్వుతరు బిడ్డా. నువ్వు పక్క సాల్ల ఉన్నవని చెప్తాన్న."

ఆ తర్వాత మిగతావాళ్లూ అలాగే చెప్పారు. పెద్దమ్మను నేనే వరంగల్ దవాఖానకు తీసుకెళ్లాను. పిచ్చి డాక్టరు దగ్గరికి ఒక్కతే పోనంది కాబట్టి నెలనెలా వెంట వెళ్లేదాన్ని. మందులు పడ్డాక కాస్త నిద్రపోతున్నానంది.

నివేదికలో ఉన్నదున్నట్టు రాశాను, చేలో పనిచేస్తూ అడిగానని. ఇంట్లో అడిగినట్టు రాయమని మా గైడు ముందే చెప్పారు. నాకు పొగరు, వినలేదు. ఇంటర్వ్యూలో కమిటీవాళ్లు ఏకాంతం లేని చోట తీసుకున్న జవాబులు చెల్లవన్నారు. ఇళ్లలో ఏకాంతం ఎక్కడుందండీ, ఆ సాలులోనే ఉందని ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వారం తిరక్కుండా పొడిగింపు లేదని మెయిలొచ్చింది. కోపంతో ఏడ్చాను, ఆ తర్వాత భయంతో ఏడ్చాను. చాలా రోజులు గది తలుపు తీయబుద్ధి కాలేదు.

చివరికి ఒకరోజు పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. వచ్చే నెల నుంచి దవాఖానకు తోడు రాలేనని, నా తిరుగుడుకు డబ్బిచ్చే ఫెలోషిప్పే పోయిందని చెప్పడానికి. ఆమె ఆఖరి ఏరుడులో ఉంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"గట్లున్నవేంది బిడ్డా? నిద్ర పోతలేవా?"

"మంచిగనే ఉన్న పెద్దమ్మా" అన్నాను.

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత చెట్ల వైపు తిరిగిపోయి, "నా దిక్కు చూడకు. సాలు పట్టి చెప్పు" అంది.

సాలు పట్టాను. ఆమె పక్క సాలులో నాకోసం మెల్లగా నడుస్తోంది. సాలు చివరికొచ్చినా, దవాఖానకు తోడు రాలేనన్న మాట చెప్పలేకపోయాను.