కాచి తాగుతామన్న ఊళ్లు

ప్రజారోగ్యం అనగానే మనవాళ్లు సేవ, త్యాగం అంటూ దండలు గుచ్చడం మొదలుపెడతారు. మొగల్తూరు హైమ ఆ దారిలోకి ఏ త్యాగమూ చెయ్యకుండానే వచ్చింది. ఎంసెట్‌లో రెండుసార్లు మెడిసిన్ సీటు తప్పింది. నరసాపురంలో బీఎస్సీ అయ్యాక, విశాఖలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీలో చేరింది. అది సూక్ష్మజీవుల చదువని చెబితే మామ్మ రత్నమాణిక్యం, "కంటికి కనపడనివాటి కోసం కళ్లజోడు తెచ్చుకున్నావా?" అంది.

1997లో ఒక పరిశోధన ప్రాజెక్టులో పని దొరికింది. సముద్రం పక్క ఊళ్లలో పిల్లలకి విరేచనాలు ఎందుకు తగ్గడం లేదో తేల్చాలి. తేలిస్తే పీహెచ్‌డీ సీటు నీదే అంది గైడు సత్యశ్రీ మేడమ్. చెయ్యి జారిన మెడిసిన్ సీటు కంటే హైమకి ఇదే గట్టిగా కావాలనిపించింది.

రెండు వందల ఇళ్లు తిరిగింది. "నీళ్లు కాచి తాగుతారా?" అని అడిగింది.

"ఆయ్, కాస్తామండి!"

ఏ గుమ్మంలోనైనా అదే జవాబు. నూట ఎనభై ఆరు ఇళ్లవాళ్లు కాస్తామన్నారు. హైమ పొంగిపోయి పట్టికలు గీసి, రంగులు వేసి పట్టుకెళ్లింది. మేడమ్ ఒక్క పేజీ చూసి పెన్ను మూసేసింది.

"ఇంతమంది నీళ్లు కాస్తే ఆ ఊళ్లలో ఈపాటికి పుల్ల మిగలదమ్మా. నెల్లాళ్లు టైమిస్తున్నా. మళ్లీ ఇదే తెచ్చావంటే సీటు ఇంకొకరికి ఇస్తాను."

హైమ మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. మామ్మ విని పకపకా నవ్వింది.

"గుమ్మంలోకొచ్చిన పిల్లని పట్టుకుని లేదని ఎవరంటారే? నన్నడిగినా కాస్తామనే అంటాను."

"మనమూ కాయం కదా మామ్మా!"

"కాయం. అయినా కాస్తామనే అంటాను. అడిగినవాళ్ల మనసు నొప్పించాలేంటి?"

అదండీ మన మర్యాద! ప్రపంచంలో ఏ గణాంకశాస్త్రమూ దాని ముందు నిలబడలేదు.

తండ్రి గోపాలరాజు గారు అప్పుడే రొయ్యల చెరువు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. చెరువు నీళ్లలో ఉప్పెంతో రోజూ చూస్తారు. తాగే నీళ్ల సంగతి మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు. ఆయన మాటల్లో మాటగా అన్నారు.

"మేత తిన్నావా అని రొయ్యనడుగుతానేంటమ్మలూ? ట్రే ఎత్తి చూస్తాను."

ఆ ట్రే చెరువులోకి దించే వలపళ్లెం. అందులో మేత వేసి, కాసేపయ్యాక పైకి లాగి, ఎంత మిగిలిందో చూస్తారు. హైమ తింటున్న ముద్ద ఆపేసింది.

మర్నాటి నుంచి ప్రశ్నల కాగితం మానేసింది. ఏ ఇంటికెళ్లినా దాహమేస్తోందంది. నరసాపురం పక్కన లేసు అల్లే జ్ఞానమ్మ, ఒళ్లోని దారం పక్కన పెట్టి లేచి, గ్లాసుతో పాటు వేళ్లు మునిగేలా బిందెలో ముంచి నీళ్లిచ్చింది. హైమ గ్లాసు అందుకుని, సంచిలోంచి చిన్న సీసా తీసి అందులో పోసుకుంది.

"తాగుతానన్నారు, మూటగట్టుకుంటున్నారేంటండి అమ్మాయిగారూ? మొగల్తూరులో నీళ్లు కరువా?"

"రెండ్రోజులాగి చెబుతానండి."

ఆ సీసాలో మందు రాసిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లలో మలినం ఉంటే రెండు రోజుల్లో నల్లబడుతుంది. కుళాయి దగ్గర నేరుగా పట్టిన సీసాలు చాలామటుకు తేటగానే ఉన్నాయి. వేళ్లు మునిగిన బిందెల సీసాలు మాత్రం చాలావరకు సిరాబుడ్లలా తయారయ్యాయి. నీళ్లు ఇంటికి బాగానే వస్తున్నాయి, ఇంట్లోకి వచ్చాకే పాడవుతున్నాయి.

జ్ఞానమ్మ తన సీసా చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో, ఇది మా బిందేనా! పక్కింటోళ్లదేమో చూడండి!"

పక్కింటివాళ్ల సీసా కూడా చూపించాక ఆవిడకి ప్రాణం కుదుటపడింది. అది ఇంకా నల్లగా ఉంది. వారం తిరిగేసరికి జ్ఞానమ్మ పొడుగు కాడ గరిటె కొంది, బిందెకి తన చేత్తో అల్లిన లేసు మూత వేసింది. ఆ మూత చూసి వీధంతా మూతలు అడిగింది. నా లెక్కలో ఆరోగ్య ఉపన్యాసాల కంటే ఆడవాళ్ల పోటీ ఎక్కువ పని చేసింది.

నెల తిరక్కుండా హైమ సీసాల పెట్టె మేడమ్ బల్ల మీద పెట్టింది. ఆవిడ తెల్లవీ నల్లవీ విడదీసి చూసి, చూసి, "ఈసారి ఎవర్నీ అడగలేదన్నమాట!" అని నవ్వి సీటు కాగితం మీద సంతకం పెట్టింది.

2002లో డాక్టరేట్ వచ్చింది. ఊళ్లో కొందరు మోకాళ్ల నొప్పులతో వచ్చి వరండాలో కూర్చున్నారు. వాళ్లని సాగనంపి, హైమ వంటింట్లోకెళ్లి అడిగింది.

"మామ్మా, నీళ్లు కాస్తున్నావా?"

"కాస్తున్నానండి డాక్టర్ గారూ!"

హైమ పొయ్యి వంక చూసింది. చల్లగా ఉంది. గోడ వంక చూసింది. మేకుకి పొడుగు కాడ గరిటె వేలాడుతోంది, తడిగా.